దైవమూ పురుషకారమూ

నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలికొండల నడుమ, ఉదయగిరి దుర్గం ఉన్నది. 3,000 అడుగులకు పైబడిన ఎత్తు గల కొండ. చుట్టూ నిట్టనిలువు రాళ్లు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఈ దుర్గాన్ని ముట్టడించే నాటికి అది కళింగ గజపతుల చేతిలో ఉండేది. ప్రతాపరుద్ర గజపతి బంధువైన తిరుమల రౌతరాయుడు దానికి కాపు. కోటను నేరుగా పట్టుకోవడం అసాధ్యమని తేలిన తరువాత రాయలు వెనుదిరగలేదు. కొండరాళ్లను పగులగొట్టించి, బురుజుల దాకా సైన్యం ఎక్కడానికి త్రోవలు వేయించినాడు. ఈ సంగతిని కొంతకాలం తరువాత విజయనగరంలో నివసించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిపెట్టినాడు. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగినది. 1514లో కోట లొంగినది. అదే సంవత్సరం జూలైలో రాయలు తిరుమలకు వెళ్లి స్వామికి కానుకలు సమర్పించినట్లు అక్కడి శాసనం చెప్పుతున్నది. ఉదయగిరిలోని బాలకృష్ణ విగ్రహాన్ని తన రాజధానికి తెచ్చి, ఆలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించినాడు.

విజయం ఎవరిది? రాయలను అడిగితే వేంకటేశ్వరునిది అని ఉండేవాడు. కాని ఆ మాట అనే రాజు ఏడాదిన్నర పాటు రాళ్లు కొట్టించినాడు. దేవుడు ఇస్తాడులే అని శిబిరంలో కూర్చోలేదు. రాళ్లు కొట్టించినది నేనే కదా అని తిరుమల మానుకోనూ లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడినవి? భారతీయులు దైవమనీ పురుషకారమనీ పేర్లు పెట్టి వేల యేండ్లుగా విచారించిన విషయం ఇదే. పురుషకారమంటే మనుష్యప్రయత్నం. దైవమంటే, మన వాడుకమాటలలో, విధి, తలరాత, నొసటివ్రాత, ప్రాప్తం.

ఈ వాడుకమాటలను కొంచెం పరిశీలించాలి. పంట పండకపోతే 'నా ఖర్మ' అంటాం. సంబంధం కుదిరితే 'రాసిపెట్టి ఉన్నది' అంటాం. పరీక్ష తప్పినవాడు 'తలరాత' అంటాడు. ఉత్తీర్ణుడైనవాడు మాత్రం 'కష్టపడి చదివినాను' అంటాడు. ఓటమిని విధికీ గెలుపును తనకూ పంచిపెట్టే ఈ లెక్క ఏ శాస్త్రంలోనూ లేదు. తలరాత అనే మాటలో ఎవరో ఒకడు మన పుట్టుకకు ముందే, మనల్ని అడగకుండా, మన కథను వ్రాసి ముగించినాడనే భావం ఉన్నది. కర్మ అనే మాటలో ఆ భావం లేదు. కర్మ అంటే చేసిన పని. చేసినవాడు మరెవరో కాదు. కనుక కర్మసిద్ధాంతాన్ని విధివాదమని అనువదించుకోవడంలోనే పొరపాటున్నది.

మన ప్రాచీనులు కర్మను మూడు విధాలుగా విభజించినారు. అనేక జన్మలలో కూడబెట్టుకొన్నది సంచితం. అందులో నుంచి ఈ జన్మలో అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తూ, ఇకముందు ఫలమివ్వబోయేది ఆగామి. దీనికి వేదాంతులు చెప్పే పోలిక విలుకానిది. అమ్ములపొదిలో ఉన్న బాణాలు సంచితం. వింట సంధించినది ఆగామి. విడిచిపెట్టిన బాణం ప్రారబ్ధం. విడిచిన బాణాన్ని వెనుకకు పిలువలేము. కాని సంధించినదాన్ని దించవచ్చు, గురి మార్చవచ్చు. పొదిలోని వాటిని వాడకుండా ఉండనూవచ్చు. ఇట్లా చూచినప్పుడు మనిషి పుట్టిన ఇల్లు, శరీరం, తల్లిదండ్రులు, కొన్ని ఆపదలు ప్రారబ్ధంలో పడుతాయి. వాటిని ఎదుర్కొనే తీరు ప్రారబ్ధంలో పడదు. జ్ఞానం కలిగితే సంచితం దగ్ధమవుతుందనీ, ప్రారబ్ధం మాత్రం అనుభవించి తీరవలసినదేననీ శంకరాచార్యులు చెప్పినారు. కుమ్మరి కఱ్ఱ తీసివేసిన తరువాత కూడా సారె కొంతసేపు తిరిగి కాని ఆగదు. జ్ఞాని శరీరమూ అంతేనని ఆయన ఉపమానం.

ఈ విభజన వలన ఒక చిక్కుముడి విడిపోతుంది. దైవమని మనం భయపడేది నిన్నటి పురుషకారమే. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు శ్రీరామునికి ఈ మాటనే నొక్కి చెప్పుతాడు. యౌవనంలో తీర్థయాత్రలు చేసి వచ్చిన రాముడు లోకం మీద విరక్తితో నిరుత్సాహంగా కూర్చున్నప్పటి సందర్భమది. పూర్వప్రయత్నమూ ఇప్పటి ప్రయత్నమూ రెండు పొట్టేళ్ల వలె ఢీకొంటాయనీ, వాటిలో బలమైనది గెలుస్తుందనీ వసిష్ఠుడంటాడు. దైవం ఇక్కడ ఆకాశంలో కూర్చున్న రాజు కాదు, పందెంలో ఎదుటి పొట్టేలు. దాని బలమూ మనం మేపినదే. ఒకప్పటి అలవాటు ఇప్పటి సంకల్పం కన్న బలంగా ఉండవచ్చు, అప్పుడు ఓడిపోతాం. ఓడినంత మాత్రాన పందెం ముగిసిపోదు.

అసలైన విధివాదం మన దేశంలో లేకపోలేదు. బుద్ధుని కాలంలోనే మక్ఖలి గోసాలుడనే ఆచార్యుడు నియతివాదాన్ని బోధించినాడు. ఆయన అనుచరులను ఆజీవకులంటారు. సర్వం నియతి ప్రకారమే జరుగుతుంది, మనుష్యప్రయత్నానికి ఏ శక్తీ లేదు, విసిరిన దారపుండ ఎంత పొడవు ఉంటే అంతదాకా విప్పుకొంటూ పోయినట్లు జీవులు తమ జన్మపరంపరను గడిపి తీరవలసినదే అని ఆ మతం. బుద్ధుడు దీనిని గట్టిగా ఖండించినాడు. జైనులూ, వైదికులూ అంగీకరించలేదు. ఆజీవకమతం కాలక్రమాన అంతరించినది. కాని దాని ఆలోచన మాత్రం మన నాలుకల మీద ఇంకా బ్రతికే ఉన్నది; కాకపోతే దానికి మనం కర్మ అని తప్పుపేరు పెట్టుకొన్నాం.

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముని సూటిగా అడుగుతాడు: దైవమూ పురుషకారమూ రెంటిలో ఏది గొప్పది? అడిగినవాడు యుద్ధం గెలిచి, గెలిచినందుకు కుమిలిపోతున్నవాడు. చెప్పవలసినవాడు అంపశయ్య మీద ఉన్నవాడు. ఆ స్థితిలో అడిగిన ప్రశ్న కనుక అది తర్కక్రీడ కాదు. భీష్ముడు బ్రహ్మ వసిష్ఠునికి చెప్పిన సమాధానాన్ని వినిపిస్తాడు. పురుషకారం పొలం వంటిది, దైవం విత్తనం వంటిది. రెండూ కలిస్తేనే పంట. ఈ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి పదమూడవ శతాబ్దిలో నెల్లూరును పాలించిన మనుమసిద్ధి కొలువులోనివాడు, పెన్న ఒడ్డువాడు. యాజ్ఞవల్క్యస్మృతి ఇదే భావానికి బండిని పోలికగా తెచ్చినది: ఒంటి చక్రంతో రథం నడవదు, పురుషకారం లేక దైవమూ ఫలించదు.

పొలమూ విత్తనమూ అనే పోలిక ఉదయగిరి ప్రాంతపు రైతుకు వ్యాఖ్యానం అవసరం లేకుండానే బోధపడుతుంది. జిల్లా తూర్పున పెన్న నీటితో వరి పండుతుంది. పడమట మెట్ట. సజ్జ, కంది వేసుకొని మబ్బు కోసం ఎదురుచూడవలసిన నేల. వాన అతని చేతిలో లేదు. కాని వాన వచ్చేనాటికి నేల దున్ని ఉండడం, గట్టు వేసి ఉండడం, విత్తనం ఇంట ఉండడం అతని చేతిలోనివి. దున్నని చేను మీద ఎంత మంచి వాన కురిసినా గడ్డే మొలుస్తుంది. దున్నిన చేను మీద వాన కురవకపోతే ఆ ఏడు పంట పోతుంది. అందులో రైతు తప్పేమీ లేదు. ఈ రెండవ వాక్యాన్ని కూడా మరువకూడదు. ప్రయత్నం చేస్తే చాలు, ఫలం తప్పదు అనే ఉపన్యాసాలు ఈ మధ్య ఎక్కువైనవి. అవి వినేవారికి ఉత్సాహం ఇస్తాయేమో కాని, శ్రమించి ఓడినవానిని దోషిగా నిలబెడుతాయి. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలను లెక్కించినది: ఆధారమైన శరీరం, కర్త, ఇంద్రియాలు మొదలైన సాధనాలు, పలువిధాల చేష్టలు, ఐదవది దైవం. దైవానికి ఐదింట ఒక చోటు ఉన్నది; ఐదు చోట్లూ లేవు.

ఇంతకూ ఉదయగిరికి ఈ విచారణతో ఉన్న సంబంధం కోటతో ముగియదు. రాయలకు ముందు, పదిహేనవ శతాబ్దిలో, ఉదయగిరిని బసవరాజు పాలించినాడు. ఆయన మంత్రి గంగయ. ఈ మంత్రికి తెలుగులో రెండు కావ్యాలు అంకితమైనవి. శ్రీనాథుని మరది దుగ్గన వ్రాసిన నాసికేతోపాఖ్యానం ఒకటి. నంది మల్లయ, ఘంట సింగయ అనే కవులు కలిసి వ్రాసిన ప్రబోధచంద్రోదయం రెండవది. తెలుగులో జంటకవులుగా మొదట పేరొందినవారు వీరే. ఒకే మంత్రి చేతికి చేరిన ఈ రెండు పుస్తకాలు మన ప్రశ్నకు చెరొక వైపు నిలబడి జవాబు చెప్పడం విశేషం.

నాసికేతుడు తండ్రి కోపంతో పలికిన మాట వలన యమలోకానికి వెళ్లి, అక్కడ పాపులు పొందే యాతనలనూ పుణ్యాత్ములు పొందే సుఖాలనూ కన్నులారా చూచి, తిరిగివచ్చి మునులకు వివరించినవాడు. అంటే ఇది ఫలం వైపు నుంచి చెప్పిన కథ. చేసినదానికి లెక్క ఉన్నదని హెచ్చరిస్తుంది. దీనికి మూలకందం వంటి నచికేతుని కథ కఠోపనిషత్తులో ఉన్నది. అక్కడి తీరు వేరు. మూడు రాత్రులు తన వాకిట నిరాహారంగా వేచిన బాలునికి యముడు మూడు వరాలిస్తాడు. మూడవ వరంగా బాలుడు మరణం తరువాత ఏమున్నదో చెప్పమంటాడు. యముడు జంకి, ఆ ఒక్కటి వద్దు, ఏనుగులనూ బంగారాన్నీ దీర్ఘాయువునూ కోరుకొమ్మంటాడు. బాలుడు లొంగడు. అప్పుడు యముడు సంతోషించి, శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు, రెండూ మనిషి ఎదుటికి వస్తాయి, ధీరుడు విచారించి శ్రేయస్సును ఎన్నుకొంటాడు అంటాడు. విధికి మూర్తి అని మనం తలచే యముడే ఒక పిల్లవాని ముందు రెండు దారులు పరచి, ఎన్నుకొనే అధికారాన్ని అతనికే విడిచినాడు.

ప్రబోధచంద్రోదయానికి సంస్కృతమూలం కృష్ణమిశ్రుని నాటకం. పదకొండవ శతాబ్దిలో చందేల్ల రాజుల ఆశ్రయంలో పుట్టినది. అందులోని పాత్రలు మనుష్యులు కారు; మనసులోని గుణాలు. మనస్సు అనే రాజుకు ప్రవృత్తి, నివృత్తి అని ఇద్దరు భార్యలు. ప్రవృత్తి కొడుకు మహామోహుడు. నివృత్తి కొడుకు వివేకుడు. సవతితల్లుల బిడ్డలైన ఈ ఇద్దరికీ రాజ్యం కోసం యుద్ధం. మోహుని పక్షాన కామం, క్రోధం, లోభం, దంభం, అహంకారం. వివేకుని పక్షాన శాంతి, శ్రద్ధ, కరుణ, క్షమ, సంతోషం. వివేకుడు ఎవరి మీదకు ఎవరిని పంపినాడో చూడండి. కాముని మీదకు వస్తువిచారాన్ని పంపినాడు. వస్తువు నిజంగా ఎట్లాంటిదో ఆలోచించడమే వస్తువిచారం. క్రోధుని మీదకు క్షమను, లోభుని మీదకు సంతోషాన్ని పంపినాడు. కోపాన్ని కోపంతో అణచుమని చెప్పలేదు. ఏ దుర్గుణానికి ఏది విరుగుడో ఎంచి పంపడం సేనాపతి పని.

యుద్ధంలో మోహుని పక్షం హతమైన తరువాత కథ ముగియవలసినది. కాని అక్కడ కృష్ణమిశ్రుడు ఒక ఆశ్చర్యకరమైన ఘట్టాన్ని కల్పించినాడు. తన బిడ్డలు చచ్చిపోయినారని మనస్సు ఏడుస్తుంది! కామక్రోధాలు పోయినందుకు సంతోషించదు. అవి తన కన్నబిడ్డలు గదా. సరస్వతి వచ్చి ఓదార్చి, వైరాగ్యం వైపు త్రిప్పుతుంది. ఒక చెడ్డ అలవాటును మానుకొన్న ఎవరికైనా ఈ దుఃఖం అనుభవంలోనిదే. మానుకొన్న మరునాడు హాయిగా ఉండదు. ఏదో పోగొట్టుకొన్నట్లు వెలితిగా ఉంటుంది. ఇదంతా అయిన తరువాతనే వివేకునికీ ఉపనిషత్తుకూ ప్రబోధమనే చంద్రుడు ఉదయిస్తాడు. ఈ కథలో విధికి పాత్ర లేదు. పోరాడే ఇద్దరూ మనస్సు బిడ్డలే. అయితే విష్ణుభక్తి అనే దేవి వివేకుని పక్షాన నిలిచి, అతని విజయానికి మొదటినుంచీ తోడ్పడుతుంది. ప్రయత్నం పూర్తిగా ఒంటరిది కాదని కవి భావం.

ఆ తోడ్పాటు ఎంత అన్న విషయంలో ఆచార్యులకు భేదాలున్నవి. జీవుడు మొదటి సంకల్పాన్ని స్వయంగా చేస్తాడనీ, పరమాత్మ దానికి అనుమతినిచ్చి నడిపిస్తాడనీ రామానుజులు శ్రీభాష్యంలో సమాధానం చెప్పినారు. ఆయన తరువాత శ్రీవైష్ణవులలో రెండు పక్షాలు ఏర్పడినవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొంటుంది. జీవుడూ అట్లే భగవంతుని పట్టుకోవాలని వడగలవారు. పిల్లికూనను తల్లే నోట కరచుకొని తీసుకొనిపోతుంది. జీవుడు చేయవలసినదల్లా అడ్డుపడకపోవడమేనని తెంగలవారు. చదివినప్పుడు ఇది చమత్కారంగా తోస్తుంది. నిజానికి మంచంపట్టిన రోగికి కోతిపిల్ల ధర్మం చెప్పితే క్రూరత్వం. ఆరోగ్యవంతుడైన సోమరికి పిల్లికూన ధర్మం చెప్పితే అపచారం.

సాధన అనేది ఇక్కడ ప్రవేశిస్తుంది. సాధనకూ మ్రొక్కుకూ తేడా ఉన్నది. మ్రొక్కు ఒక కోరికతో ముడిపడినది. ఆత్మకూరు ప్రాంతం నుంచి జనం పెంచలకోన నరసింహస్వామికి మ్రొక్కుకొంటారు. ఆత్మకూరుకు చేరువలోని అనుమసముద్రంపేట దర్గాకు హిందువులూ ముస్లిములూ కూడ వస్తారు. బిడ్డ జబ్బు తగ్గాలని దారిపట్టిన తల్లిని తప్పుపట్టేవారెవరు? అయితే మ్రొక్కు బయటి పరిస్థితిని మార్చమని కోరుతుంది. సాధన కోరేవానినే మారుస్తుంది. జపం, ధ్యానం, ఉపవాసం, స్వాధ్యాయం, సేవ అన్నీ ఆ కోవలోనివి. మనసు గాలివంటిది, దాన్ని పట్టడం నా వల్ల కాదని అర్జునుడు మొరపెట్టుకొన్నప్పుడు, శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. కష్టమే, అయినా అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ సాధ్యమన్నాడు. అభ్యాసమంటే మరల మరల చేయడం. వసిష్ఠుని పోలికలో చెప్పాలంటే, ఇది ఇప్పటి పొట్టేలును రోజూ మేపడం. గీతోపదేశమంతా ముగిసిన తరువాత కృష్ణుడు, దీనినంతా బాగా విమర్శించి నీ ఇష్టం వచ్చినట్లు చేయుమని అర్జునునికే విడిచిపెట్టినాడు. అర్జునునికి ఎన్నుకొనే స్వేచ్ఛ లేకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

కర్మసిద్ధాంతం దుర్వినియోగమైన సందర్భాలను దాచిపెట్టడం మంచిది కాదు. ఒకడు పేదగా పుట్టినా, అంటరానివాడని ఊరి వెలుపల ఉంచబడినా, వితంతువు అవమానం పాలైనా 'పూర్వజన్మకర్మ' అని తప్పించుకొన్న సంఘం మనది. నా కష్టాన్ని నేను సహించడానికి కర్మ అనుకోవడం వేరు. ఎదుటివాని కష్టాన్ని నేను సహించడానికి కర్మ అనడం వేరు. మొదటిది ఓర్పు. రెండవది నిర్దయ. ఎదుటివాడు బాధలో ఉన్నప్పుడు అతని ప్రారబ్ధమెంతో నాకు తెలియదు. అతనికి చేయి అందించడమా, ముఖం త్రిప్పుకోవడమా అన్నది మాత్రం నా ఆగామి.

పెన్న పరీవాహకంలో 2021 నవంబరులో జరిగినది చూడండి. అల్పపీడనం వలన కుండపోతగా వానలు కురిసినవి. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకొనిపోయినవి, పలువురు చనిపోయినారు. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. ఆ వరద సోమశిల జలాశయానికి వచ్చి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు దాకా ఏటి ఒడ్డు ఊళ్లను ముంచినది. వాన దైవమే. కాని ఆ జలాశయానికున్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయకుండా ఉన్నదన్న సంగతి తరువాతి చర్చలలో బయటపడినది. గేటు దైవం కాదు. దానికి మరమ్మతు చేయించడం, నీరు పెరుగుతున్నదని దిగువవారికి వేళకు చాటించడం పురుషకారం. చనిపోయినవారి కుటుంబాలతో 'విధివ్రాత' అని చెప్పి ఊరుకొంటే, మునుపటివారు చెప్పిన సిద్ధాంతాన్ని వాడుకొన్నట్లు కాదు, దాని వెనుక దాక్కొన్నట్లు. మహాభారతంలో ఇట్లా దాక్కొన్నవాడు ధృతరాష్ట్రుడు. జూదం ఆపగలిగిన అధికారం చేతిలో ఉండగా, దైవం ఎట్లా ఉంటే అట్లా జరుగుతుందని పాండవులను పిలిపించినాడు. విదురుడు ముందే హెచ్చరించినాడు. యుద్ధంలో నూరుగురు కొడుకులూ పోయిన తరువాత కూడ ఆ రాజు దైవాన్నే నిందించినాడు. నీ అపరాధమే ఇదని సంజయుడు ముఖం మీదనే చెప్పినాడు.

దీనికి సరిగా ఎదుటి కొస పరీక్షిత్తు కథ. వేటలో అలసి, మౌనంగా ఉన్న మునిమెడలో చచ్చిన పామును వేసినాడు. ముని కుమారుడు శపించినాడు: ఏడవనాడు తక్షకుని కాటుతో మరణం. శాపం తప్పదు. ఇది విడిచిన బాణం. పరీక్షిత్తు దైవాన్ని తిట్టలేదు, మునికుమారునిపై పగపట్టలేదు. తాను చేసినది తప్పేనని ఒప్పుకొన్నాడు. రాజ్యం కొడుక్కు అప్పగించి గంగ ఒడ్డున కూర్చున్నాడు. చావు దగ్గరపడిన మనిషి ఏమి చేయాలి, ఏమి వినాలి అని వచ్చిన మునులను అడిగినాడు. ఏ ఇంటి ముందూ ఆవు పాలు పితికినంత సేపు మించి నిలువని శుకమహర్షి ఆ ప్రశ్న కోసం ఏడు రోజులు నిలిచిపోయినాడు. పోతన తెలుగు చేసిన భాగవతం ఆ ఏడు రోజులలో చెప్పబడిన కథే. ఏడవనాడు తక్షకుడు వచ్చినాడు; అప్పటికి పరీక్షిత్తు ఆసనం మీద నుంచి కదలలేదు, భయమూ లేదు.